రంగు దిగుతుందా?

బళ్ళారిలో జీన్స్ ఉతికే యూనిట్ ఒకదానిలో హారతి సూపర్‌వైజర్. రోజూ కంప్లి నుంచి బస్సులో వస్తుంది. మూడు నెలలుగా ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఆ వారం పాఠం 'రన్'. పరుగెత్తితే రన్, మిషన్ ఆడితే రన్, బస్సు తిరిగితే రన్, అంగడి నడిపినా రన్నే.

ఆరోజు సరుకు చూడటానికి ముంబై నుంచి ఒక మేడమ్ వచ్చింది. యజమాని చెన్నకేశవులు ఫోన్‌లో ఉండటంతో హారతే ఆమె వెంట తిరిగింది. మేడమ్ ముదురు నీలం ప్యాంటొకటి తీసి అడిగింది: "డజ్ ఇట్ రన్?"

పక్కనే మిషన్ గిరగిరా తిరుగుతోంది. దాని గురించే అనుకుంది హారతి.

"యెస్ మేడమ్. డైలీ రన్స్. వెరీ ఫాస్ట్."

మేడమ్ ముఖం మారిపోయింది. ప్యాంటు పక్కన పెట్టి, కాగితం మీద ఏదో రాసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది.

హారతికి కాలు నిలవలేదు. ఫోన్‌లో నిఘంటువు తెరిచింది. ముక్కు కారడం, ఎన్నికల్లో నిలబడటం... అర్థాలు ఎంతకీ తెగవు. ఎక్కడో అడుగున దొరికింది: ఉతికితే రంగు దిగడం.

నేరుగా చెన్నకేశవులు దగ్గరికి పోయింది.

"అప్పా, ఆయమ్మ రంగు దిగుతాదా అని అడిగినాది. నేను మిషన్ సంగతనుకోని అవునని చెప్పినా."

"ఏంది నువ్వనేది? పో, దిగదని చెప్పు పో."

"ఊరికే చెప్తే నమ్మదప్పా. తడిపి చూపిస్తా."

మేడమ్ ఎదుటే బకెట్‌లో వేడినీళ్ళు పోసి, ప్యాంటునూ ఒక తెల్లగుడ్డనూ కలిపి నానబెట్టింది. పావుగంట. చెన్నకేశవులు వాకిలికీ బకెట్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. హారతి గుడ్డ పైకి తీసింది. అంచున పల్చగా నీలం.

"అది నీళ్ళ నీడ. దిగదని చెప్పమ్మా" అన్నాడాయన మెల్లగా.

మేడమ్ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి హారతికి అర్థం తెలుసు. తెలిసినందుకే గుడ్డ అంచు దాచకుండా మేడమ్ వైపు తిప్పింది. ఆపైన అంది: "యెస్ మేడమ్. లిటిల్. వన్ మోర్ వాష్, దెన్ నో."

మేడమ్ నాలుగు గంటల దాకా గడువిచ్చింది. చెన్నకేశవులు విసురుగా బయటికి వెళ్ళిపోయాడు.

హారతి ఆ సరుకంతా రంగు నిలిపే మందుతో మళ్ళీ ఉతికించింది. అన్నం డబ్బా తెరవలేదు. నాలుగింటికి ఒక ప్యాంటుతో ఇంకో తెల్లగుడ్డ నానబెట్టి తీస్తే తెల్లగానే వచ్చింది. మేడమ్ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టింది.

కారు వెళ్ళాక చెన్నకేశవులు దగ్గరికొచ్చాడు.

"ఏమన్నా తిన్న్యావా?"

"లేదప్పా."

"పో, తిను. మిషన్ల దగ్గర నేనుంటా."