కోసిన పాట

యోనా నూనెడబ్బా వంచి, ప్రొజెక్టర్ పళ్లచక్రానికి మూడు చుక్కలు వేసి, గుడ్డతో ఒత్తి తుడిచాడు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే చేసే పని. వేళ్ల సందుల్లో మసి ఇంకిపోయి, చర్చికి వెళ్లే ఆదివారాలు కూడా చేతులు కడగనట్టే ఉండేవి. మూడేళ్లుగా విమానాలు సినిమా హాలు కప్పు మీదుగానే దిగుతున్నాయి. ఒకటి పోతే రేకులు అదిరాయి.

"రేపు ఇనుప సామానోనికి పోయేదానికి అత్తరు పూస్తున్నవా?" మేనేజరు దశరథం గుమ్మంలో నిలబడి నవ్వాడు. మూలన కొత్త డిజిటల్ మిషను ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

"దుర్గవ్వ వచ్చిందా అన్నా?"

"రాలే. నాలుగు దినాల సంది జరం."

"మ్యాట్నీకి ఎట్లన్న తోల్కరా. నీ బండి మీద కూసోబెట్టుకొని రా. రేపైతే కుదరదు."

దశరథం తల గోక్కుంటూ మెట్లు దిగాడు. యోనా బల్ల కింది రేకు డబ్బా తీశాడు. అందులో పన్నెండేళ్ల కిందటి పాట ఫిల్ము చుట్ట చుట్టి ఉంది.

దుర్గవ్వది ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపే పని. ఆమె కూతురు సుమలత డాన్సు బృందంతో మద్రాసు పోయింది. ఫలానా సినిమాలో ఉన్నాను, పసుపు పావడ చూడు అని ఒక్క ఉత్తరం రాసింది. మళ్లీ రాయలేదు. ఆ తమిళ సినిమా తెలుగు డబ్బింగై శంషాబాదుకు వచ్చిన శుక్రవారమే, ఒక పాటకు జనం బీడీలకు లేస్తున్నారని యోనా దాన్ని కోసేశాడు. ఆ రోజుల్లో అది మామూలే. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు అతికించాలి. అదీ మరిచాడు.

"ఆరుసార్లు చూసిన బిడ్డా. పిల్ల కానరాలే. నా కండ్లే మసకలైనయా?" అని అడిగింది దుర్గవ్వ.

ఆ పిల్ల ఉన్నది తను కోసిన పాటలోనే అని యోనాకు అప్పుడర్థమైంది. చెబితే ఉద్యోగం పోతుందనుకున్నాడు. "వెనక వరుసల ఉంటది అవ్వా, జర పట్టి చూడు" అన్నాడు.

ఆమె వారమంతా పట్టి చూసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి తమిళ సినిమాలోనూ చూసింది. స్టూడియో పూలతోటలు పోయాయి. మధురై సందుల దుమ్ము, చెమట మొహాలు, గడ్డం మాసిన హీరోలు వచ్చారు. గుంపు డాన్సులు తగ్గాయి. దుర్గవ్వ మాత్రం పాట మొదలవగానే గేటు వదిలి తెర దగ్గరికి నడిచేది. ఏటికేడు ఇంకొంచెం దగ్గరగా. పై కంతలోంచి యోనాకు ఆమె కొప్పు నెరవడం కనిపించేది.

ఇవాళ ముందు పాట చూపించాలి. తర్వాత ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పేయాలి. పాటను ఇవాళ్టి సినిమా మొదటి రీలుకు అతికించాడు.

గంట కొట్టే వేళకు దశరథం ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు.

"పోయింది యోనా. పొద్దుగాలనేనట. పక్కింటోళ్లు చూసిన్రు."

యోనా బ్లేడు అందుకున్నాడు. అతుకు మీద ఆనించి, మళ్లీ కింద పెట్టాడు. మిషను తిప్పాడు.

పాట మొదలైంది. పదిమంది బీడీలకు లేచారు. తెర మీద పన్నెండు మంది ఆడపిల్లలు, అందరివీ పసుపు పావడలే. వాళ్లలో సుమలత ఎవరో అతనికి తెలియదు. ఎలా ఉంటుందని ఎన్నడూ అడగలేదు.

కింద ఆడవాళ్ల గేటు పక్కన, ఖాళీ స్టూలు మీద దుర్గవ్వ టార్చిలైటు ఉంది, అడుగుమూత ఊడకుండా రబ్బరు చుట్టి.