అరచేతి కాయలు

సభ ఉన్న రోజు పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వంటింటి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపేవాడు. ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుని, తన అరచేతులు ఆయన అరచేతులకు ఆనించేది. ఊపిరి పీల్చి వదిలేంతలో పనిచేసి చేసి ఆవిడ చేతుల్లో కాసిన కాయలు ఆయన చేతుల్లోకి వెళ్లిపోయేవి. సాయంత్రం తిరిగి ఇచ్చేసేవాడు. ఇరుగుపొరుగు గొడుగు అడిగి పట్టుకెళ్లడం లేదా, అలాగే ఇదీ.

పొలం ఆవిడ తల్లిది. నాటడం, కలుపు తీయడం, కోయడం, మోయడం ఆవిడవి. గట్టు మీద నిలబడి గిట్టుబాటు ధర గురించి మాట్లాడడం ఆయనది. మాట్లాడీ మాట్లాడీ నాయకుడయ్యాడు. సభల్లో అరచేతులు పైకెత్తి "ఈ చేతుల్ని చూడండి" అంటే చాలు, జనం కళ్లు ఒత్తుకునేవారు. ఓట్లు రాలాయి. మంత్రి పదవి వచ్చింది.

మంత్రయ్యాక కాయలు ఆయనతోపాటు రాజధానిలోనే ఉండిపోయాయి. ఆవిడ పార పడితే చేతులు బొబ్బలెక్కి చిట్లేవి. గుడ్డ చుట్టుకుని పని చేసేది. బొబ్బలు మానేవి గానీ కొత్త కాయలు కాసేవి కావు. పాతవి ఇంకా వాడుకలో ఉన్నాయి కదా. దొరసాని చేతులొచ్చాయే నీకు అని పక్క పొలం ఆవిడ వేళాకోళమాడితే, "చేతులే వచ్చాయి వదినా, దొరసానితనం రాలా" అనేది.

ఆయన ఒక మంచి చట్టం చేయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీలకు భూములు తీసుకునేటప్పుడు, సొంత చేతులతో సాగు చేసేవాళ్ల పొలం ముట్టుకోకూడదు. రుజువు అరచేతులే. కాగితాలు ఎవడైనా పుట్టిస్తాడు, కాయలు పుట్టించలేడని శాసనసభలో చేతులెత్తి చూపించాడు. బల్లలు మోగాయి.

ఆ చట్టం మొదట అమలైంది వాళ్ల ఊళ్లోనే, ఓ ఫ్యాక్టరీకి భూములు తీసుకునేటప్పుడు. అధికారి చేతులు చూసేది ఒక్కరోజే. ఆవిడ వారం ముందే ఫోన్ చేసింది.

"ఆ ఒక్క పూటా నా కాయలు నాకివ్వండి. మళ్లీ పట్టుకుపోదురుగాని."

"ఆ రోజే నాకు పెద్ద సభ ఉంది. ఉత్త చేతులెత్తితే నవ్వరూ? అయినా మంత్రి పెళ్లానివి, నీ పొలం జోలికి ఎవడొస్తాడు?"

అధికారి వచ్చాడు. బడి వరండాలో బల్ల వేసుకుని ఒక్కొక్కరి అరచేయీ బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. ఆవిడ చేతులు నొక్కితే మెత్తగా తగిలాయి. ఊరంతా సాక్ష్యం చెప్పింది, ఆ కాయలు ఈవిడవేనని. అధికారీ కాదనలేదు.

"తెలుసమ్మా. కానీ అవి సారు చేతుల్లో ఉన్నాయి. చేతిలో ఉన్నవే రాయమంది చట్టం. అందులోనూ సారు భార్యకి మినహాయింపిస్తే రేపు సారునే అంటారు."

పేరు కొట్టేశాడు.

నెల తర్వాత ఆ పొలంలోనే ఫ్యాక్టరీకి పునాదిరాయి వేయడానికి మంత్రిగారు వచ్చారు. వేదిక ఎక్కబోతూ ఆవిడను కారు పక్కకు పిలిచి, చేతులు చాపారు. వచ్చినవాళ్లంతా ఫ్యాక్టరీవాళ్లు, వాళ్లతో చేతులు కలిపేటప్పుడు గరుకుగా ఉంటే బాగోదట.

"ఇవాళ వీటితో పనిలేదు. నీ దగ్గరే ఉంచు."

కాయలు తిరిగొచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు. ఉపన్యాసం మొదలైంది. ఆవిడ వెనక్కి వెళ్లిపోదామనుకుంది గానీ చేతులు వినలేదు. పునాదిరాయి చుట్టూ మొలిచిన కలుపు కనబడగానే, వంగి ఒక్కొక్క మొక్కా వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టాయి.