కానుకల పళ్ళెం అడుగు

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. విజయ్ పాల్ ఇంట్లోకి డిస్క్ శాండర్ వచ్చాక ఆ వీధి వీధంతటికీ ఈ సామెత మీద గట్టి నమ్మకం కుదిరింది.

భీమవరం పక్కన చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళో విజయ్ పాల్ సహకార సంఘం గుమాస్తా. పగలంతా అతని చేతికి కాగితాలు తప్ప ఏమీ తగలవు. ఆ కసంతా సాయంత్రం ఇనుము మీద తీర్చుకుంటాడు. గేటుకి మడత బందులు, కిటికీలకి కొక్కేలు, పూలకుండీలకి స్టాండ్లు, ఏదో ఒకటి కోస్తూ వంచుతూ ఉంటాడు. ఇన్నాళ్ళూ అంచులు నున్నగా చెయ్యడానికి ఆకురాయి పట్టుకుని భుజాలు పడిపోయేలా రాసేవాడు. ఈ ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవగ్గా దొరికిన డిస్క్ శాండర్ తెప్పించాడు.

పెద్ద యంత్రమేమీ కాదు. ఒక మోటారు, అది తిప్పే గుండ్రటి రేకు, ఆ రేకుకి అంటించిన ఉప్పుకాగితం, ముందు చిన్న బల్ల. ముక్కని బల్ల మీద ఆనించి తిరిగే కాగితానికి తాకిస్తే అంచు ఇట్టే అరిగి తిన్నగా వస్తుంది. చెక్కపని కోసం చేసిందే అయినా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడితే ఇనుముకీ పనికొస్తుంది. దాని బల్ల కొంచెం వాలుగా వచ్చింది. విజయ్ పాల్ మూలమట్టం పెట్టి చూసి, బోల్టు కింద డబ్బారేకు ముక్క దూర్చి సరిచేశాడు. ముక్కని ఎప్పుడూ ఎడమ సగానికే తాకించాలనీ, కుడి సగానికి తగిలితే ఎగరేసి మొహాన కొడుతుందనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పాడు. వాళ్ళు అడగలేదు, అది వేరే సంగతి.

భార్య తబిత ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మొదటి వారంలోనే ఆవిడ కత్తిపీటకి మూడింది. పదును పెడతానని తీసుకెళ్ళి, మధ్యలో నీళ్ళలో ముంచకుండా ఒకే బిగిన పట్టేసరికి అంచు కాలి నీలంగా మారింది. ఉక్కులో పస చచ్చిపోయింది.

"వంకాయ నలుగుతుంది గానీ తెగట్లేదండి," అంది తబిత.

"ఇలా ఇవ్వు. ఇంకోసారి పడతాను."

"వద్దులెండి. ఇనుము పోయింది, పీటన్నా మిగలనివ్వండి."

అలాంటి రోజుల్లో చర్చి పని వచ్చి తగిలింది. మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం ప్రార్థన అయ్యాక, చర్చి పనులు చూసుకునే లాజరు ఇత్తడి కానుకల పళ్ళెం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి వేలితో తిప్పాడు. అది బొంగరంలా తిరిగింది. క్రిస్మస్ స్టారు కడుతుంటే పైనించి సుత్తి జారి అందులో పడిందట. అడుగు కిందికి పొంగిపోయింది.

"భీమవరం తీసుకెళ్ళి కంచరి చేత సరిచేయించాలండి," అన్నాడు లాజరు.

"దీనికి కంచరి ఎందుకు? నా దగ్గర మిషన్ ఉందిగా. రేపు సాయంత్రానికి బల్లకి అతుక్కున్నట్టు కూర్చుంటుంది," అన్నాడు విజయ్ పాల్.

"ఆయ్, అయితే పట్టుకెళ్ళండి."

ఆ పళ్ళెం చర్చికి ఇచ్చినవాడు చిట్టియ్య. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి మోసి నడుం వంగిపోయిన మనిషి. భార్య పాపాయమ్మ పోయాక, ఆవిడ కాలవ నుంచి నీళ్ళు మోసిన ఇత్తడి బిందెని కరిగించి ఈ పళ్ళెం చేయించాడు. అడుగున చుక్కలు చుక్కలుగా 'పాపాయమ్మ జ్ఞాపకార్థం' అని కొట్టించాడు. పైవైపు కొట్టించకపోయావా అని ఎవరో అంటే, పైన దేవుడి కానుక పడుతుంది, మనిషి పేరు కిందుంటే చాలు అన్నాడు. అదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు అడుగంతా నల్లబడి పేరు ఆ నలుపులో కలిసిపోయింది. విజయ్ పాల్‌కి ఈ కథ తెలియదా అంటే తెలుసు. మిషన్ ముందు గుర్తు రాలేదు, అంతే.

మన ఇళ్ళల్లో గిన్నె చేతికొస్తే తిరగేసి పేరు చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. భోజనాలకి అరువిచ్చిన గిన్నెలు తిరిగి ఇల్లు చేరేది ఆ పేరు పుణ్యానే. తబిత ఆ మాటే అంది.

"ఆగండి, చింతపండు పెట్టి తోమి ఇస్తాను. అడుగున ఏముందో చూసి పడుదురు గాని."

"ఎలాగూ అరగదీసేదానికి తోమడం ఎందుకే?"

శనివారం మధ్యాహ్నం పెరట్లో పని మొదలెట్టాడు. పళ్ళెం అడుగు కాగితానికి ఆనాలంటే ముందున్న బల్ల అడ్డం. బల్ల విప్పి వాడొద్దని మిషన్‌తో వచ్చిన కాగితంలో బొమ్మేసి మరీ చెప్పారు. విప్పేశాడు. రెండు చేతులా పళ్ళెం అంచులు పట్టుకుని ఆ పొంగుని తిరిగే కాగితానికి ఆనించాడు. పళ్ళెం చేతుల్లో గింజుకుంది. పచ్చటి పొడి మోచేతుల దాకా పడింది. నలుపు పోయి లోపలి ఇత్తడి బయటపడుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. కత్తిపీట నేర్పిన పాఠం గుర్తుంచుకుని, వేడెక్కినప్పుడల్లా బకెట్లో ముంచి మళ్ళీ పట్టాడు.

ఒకసారి నీళ్ళలోంచి తీసి ఎండకి పెట్టి చూశాడు. పొంగు దాదాపు పోయింది. అది పోయిన చోట నున్నగా ఉంది. దాని పక్కన చుక్కలున్నాయి. చుక్కలు కలుపుకుంటే అక్షరాలు. సగం పేరు. మిగతాదంతా ఉప్పుకాగితం తినేసింది.

మోటారు ఆపాడు.

అక్కడితో వదిలేసి ఉంటే దాన్ని పొరపాటు అనొచ్చు, ఎవరికైనా జరిగేదే. కానీ ఆ సగం పేరు చూస్తున్నకొద్దీ అతనికి రేపు చర్చిలో జనం మొహాలు కనబడ్డాయి. సగం ఉంటే మిగతా సగం ఎవరు తీశారని అడుగుతారు. అసలేమీ లేకపోతే, వాడగా వాడగా అరిగిపోయిందనుకుంటారేమో. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు మనిషి బుద్ధి ఎంత చురుగ్గా పనిచేస్తుందో, ఎంత నీచంగా పనిచేస్తుందో చూడండి. విజయ్ పాల్ మళ్ళీ స్విచ్ వేశాడు.

సాయంత్రానికి పళ్ళెం అన్నట్టే బల్ల మీద కదలకుండా కూర్చుంది. తబిత దాన్ని తిరగేసి చూసింది.

"పేరేదండి?"

"చూసుకోలేదు తబితా. పోయింది."

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. "ఇప్పుడే వెళ్ళి చిట్టియ్యగారితో చెప్పండి," అంది.

"రేపు ఆరాధన అయ్యాక చెబుతాను."

రేపు అనేది ఎంత చల్లటి మాటో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఆదివారం పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరు తిరిగొచ్చారు. పాస్టరుగారి ప్రసంగంలో విజయ్ పాల్‌కి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కానుకల పాట మొదలైంది. పళ్ళెం వరస వెంబడి చేతులు మారుతూ వస్తుంటే అతను పాట పుస్తకంలోకి తల దూర్చాడు. తన చేతికొచ్చినప్పుడు తెచ్చిన నోటు వేసి, వేడిగా ఉన్నట్టు పక్కవాళ్ళకి తోసేశాడు.

ఆరాధన ముగిశాక పెద్దలందరూ ముందు బల్ల దగ్గర చేరారు. లాజరు కానుకలు సంచిలో పోసి, ఖాళీ పళ్ళేలు తిరగేసి పేర్చబోతూ ఆగిపోయాడు.

"అదేంటండి? దీనికింద పాపాయమ్మగారి పేరుండాలి కదా?"

అందరూ పళ్ళెం వైపు చూశారు. తర్వాత విజయ్ పాల్ వైపు చూశారు. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు నుంచి తబిత తనని చూస్తోందని తెలుసు. అటు చూడలేదు.

చిట్టియ్య మెల్లగా బల్ల దగ్గరికొచ్చాడు. పళ్ళెం తీసుకుని అడుగు చూశాడు. అరచేత్తో ఒకసారి రాశాడు. తలెత్తి విజయ్ పాల్ మొహం చూశాడు.

"నేనే తీసెయ్యమన్నానండి," అన్నాడు లాజరుతో. "కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు కదా. ఇచ్చాక ఇంకా పేరెందుకని మనసులో పీకుతా ఉంది. విజయ్ పాల్ గార్ని నేనే అడిగాను."

పాస్టరుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చిట్టియ్య చేతులు రెండూ పట్టుకుని, ఇలాంటి తగ్గింపు మనసు మనకెప్పుడొస్తుందయ్యా అన్నారు. విజయ్ పాల్ భుజం తట్టి, "మీరు కూడా ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు చూశారా," అని మెచ్చుకున్నారు.

విజయ్ పాల్ నోరు తెరిచాడు. తెరిస్తే వచ్చిన మాట, "దాన్దేముందండి."

చెప్పులు వేసుకుంటుంటే చర్చి సంఘపెద్ద రత్నమాణిక్యం గారు పక్కకి పిలిచారు. బియ్యం వ్యాపారం, పెద్ద చెయ్యి. చర్చిలో ఇత్తడి సిలువ ఆయనిచ్చిందే. దాని పీట మీద వాళ్ళ నాన్నగారి పేరు ఆ చివర్నించి ఈ చివరికి ఉంటుంది.

"మా నాన్నగారి పేరు కూడా తీసెయ్యాలండి. మీకు చెయ్యి తిరిగింది కదా. ఈస్టరు లోపల అయిపోతే పాస్టరుగారు ప్రసంగంలో చెప్పడానికి వీలుగా ఉంటుంది."

చూద్దాం లెండి అని విజయ్ పాల్ బండి తీశాడు. తబిత వెనక కూర్చుంది. ఇంటి గేటు దగ్గర దిగి అంది.

"మీకు సిగ్గు లేదా అని నేనడగను. ఉండబట్టే ఇలా తయారయ్యారు. మీ సిగ్గు కప్పడానికి ఆ పెద్దాయన చర్చిలో నిలబడి అబద్ధమాడాడు. వెళ్ళి ఆయన మొహం చూసి మాట్లాడండి. అందాకా నాతో మాట్లాడక్కర్లేదు."

చిట్టియ్య ఇల్లు పంటకాలవ గట్టు పక్కన. సాయంత్రం విజయ్ పాల్ వెళ్ళేసరికి అరుగు మీద చాటేసుకుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. లేచి ప్లాస్టిక్ కుర్చీ జరిపాడు. విజయ్ పాల్ కూర్చోలేదు.

"క్షమించండి చిట్టియ్యగారూ. మీరు నన్నేమీ అడగలేదు. నేనే పాడుచేశాను."

"తెలుసండి. ముందు కూర్చోండి. నలుగురిలో మీరలా నిలబడిపోతే చూడలేకపోయాను. చూసుకోకుండా పట్టేశారు, అంతే కదా. తెలిసి ఎవరు చేస్తారండి? ఆడిన అబద్ధానికి నేను దేవుణ్ణి విడిగా అడుక్కున్నాను. మీరది మనసులో పెట్టుకోకండి."

కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. చెరువుల గురించీ, ఈ ఏడు రొయ్యకి వచ్చిన తెగులు గురించీ నాలుగు మాటలు చెప్పాడు. వందనాలు చెప్పి వచ్చేస్తే సరిపోయేది. విజయ్ పాల్ లేచాడు కూడా. గుండె మీంచి బరువు దిగినట్టు అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఒక్క మాటండి," అన్నాడు చిట్టియ్య. అడగాలా వద్దా అన్నట్టు చాట వైపు చూస్తూ అడిగాడు. "ఇచ్చిన వస్తువు తిరగేసి మన పేరు చూసుకుంటే బాగోదని నేనెప్పుడూ చూడలేదండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. మీరు పట్టేటప్పుడు ఏమన్నా కనబడిందా? అక్షరాలు బాగున్నాయా? ఆఖరున చూసింది మీరే కదా."

లేదండి అంటే చాలు. అడిగినవాడు నమ్ముతాడు. పొద్దున దాన్దేముందండి అన్న నోటికి ఈ మాట బరువేమీ కాదు. విజయ్ పాల్ వీధిలోకి చూశాడు, కాలవ వైపు చూశాడు. చివరికి ఆయన మొహంలోకి చూశాడు.

"కనబడిందండి. బాగున్నాయి. మొత్తం పోలేదు. 'పాపా' అని మిగిలింది. చూసి మిషన్ ఆపాను. సగం పేరుంటే నేను చేసింది బయటపడుతుందని భయమేసింది. మళ్ళీ మిషన్ వేసి, తెలిసే, అది కూడా తీసేశాను."

చిట్టియ్య చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. కోప్పడితే బాగుండునని విజయ్ పాల్ నిలబడి ఎదురుచూశాడు. ఆయన కోప్పడలేదు.

"నేను పిలిచేది అంతేనండి," అన్నాడు. "నిండు పేరు ఎప్పుడూ అన్లేదు. పాపా అనే పిలిచేవాణ్ణి."

చేతిలో ఉన్నదాంట్లోంచి గింజ తీసి పక్కన పెట్టాడు. తల ఎత్తలేదు.

"ఆ మాత్రం ఉంచెయ్యాల్సిందండి."