ఆత్మారాం చెప్పిన ఒక్కపొద్దు

ఆ ఏడు బోధన్‌లో చికున్‌గున్యా సోకని ఇల్లు లేదు. జ్వరం పోయినా కీళ్ల నొప్పులు వదలక మనుషులు గోడలు పట్టుకుని నడుస్తున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆత్మారాం హైదరాబాదు నుంచి అక్క రాధాబాయి ఇంటికి వచ్చాడు. మన ఊరివాడు పెద్ద ప్రయోగశాలలో వైరస్‌ల మీద పరిశోధన చేస్తున్నాడని తెలిసి, బజారు వర్తకులు ఫంక్షన్ హాల్లో శాలువా కప్పి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఒంట్లోని ప్రతి కణమూ తనలో పేరుకున్న చెత్తను తానే తిని శుభ్రం చేసుకుంటుందనీ, దాన్నే ఆటోఫేజీ అంటారనీ ఆత్మారాం మొదలుపెట్టాడు. జనం మర్యాదగానే విన్నారు గానీ, వెనక వరసల్లో ఆవులింతలు కనిపించాయి. అతనికి మనసు చివుక్కుమంది. గొంతు పెంచాడు.

"కణానికి తిండి ఆపితే ఈ పని ఇంకా జోరందుకుంటుంది. లోపల దూరిన వైరస్‌ను కూడా తినేయగలదు. మన పెద్దలు ఒక్కపొద్దులు ఊరికే పెట్టలేదు!"

హాలంతా చప్పట్లు. ఇంకో మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. తన ప్రయోగాల్లో తిండి ఆపిన కణాల్లో వైరస్ తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎందుకో అతనికి ఇంకా అంతుపట్టలేదు. ఆ సంగతి చెబితే సంబరం చల్లారిపోతుందని మింగేసి, దండం పెట్టి దిగిపోయాడు.

ఆ వారంలోనే ఓ పొద్దున బీడీలు చుట్టే రబియా ఆయాసపడుతూ వచ్చింది.

"రాధక్కా, మీ తమ్మున్ని జర దవాఖానకు పంపు. మా పక్కింటి భూమవ్వ కండ్లు తిరిగి పడ్డది. ఒక్కపొద్దుంటే ఈ రోగం పోతదని సారు చెప్పిండని, మంచినీళ్లు తప్ప ఏం ముట్టలే. వేళ్లు ముడుసుకపోయి బీడీ సుట్టరాకపాయె, ఆశపడ్డది."

రాధాబాయి తమ్ముడి వంక చూసింది. "గట్లన్నవా?"

"అన్న."

"నిజమేనా మరి?"

ఆత్మారాం చెప్పులు వెతుక్కున్నాడు.

దవాఖానలో భూమవ్వకు సెలైన్ ఎక్కుతోంది. అతన్ని చూడగానే లేవబోయి, లేవలేక కొంగు సర్దుకుంది.

"సారూ, మాఫ్ చెయ్యుండ్రి. మీరు చెప్పినట్టు ఉండలేకపోయిన. మధ్యల పానం ఆగక గింత గంజి తాగిన. గందుకే తగ్గలేదేమో."

తిట్టినా బాగుండేది. ఆమె తన ఆకలిని తప్పుగా ఒప్పుకుంటుంటే అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచం పట్టీ మీద కూర్చుండిపోయాడు.

"తప్పు నీది గాదవ్వా, నాది. ఒక్కపొద్దుతోని ఈ రోగం పోతదని నాకు తెల్వదు. నా ప్రయోగంల తిండి ఆపితే వైరస్ ఇంకా పెరిగింది."

"గది మీకు ముందుగాల ఎరుకేనా?"

"ఎరుకే."

"మరెందుకు చెప్పలే?"

"అందరు మెచ్చుకుంటుంటే చెప్పబుద్ధి కాలే."

భూమవ్వ రబియా వైపు తిరిగి, "ఇక్కడ జర అన్నం దొరుకుతదా?" అని మాత్రం అడిగింది. రబియా క్యాంటీనుకు పరుగెత్తింది. ఆ గదిలో ఉండడానికీ, లేచిపోవడానికీ కూడా ఆత్మారాంకు ధైర్యం చాలలేదు.

భూమవ్వ తినడం మొదలుపెట్టాక, ఇంకెవరెవరు తిండి మానేశారని రబియాను అడిగాడు.

"ఎవ్వరెవ్వరని చెప్పాలె భాయ్? కార్ఖానల అందరిది గదే ముచ్చట."

ఆమె వెంటే బీడీ కార్ఖానాకు వెళ్లాడు. చుట్టిన బీడీలు అప్పగించడానికి ఆడవాళ్లు వరసకట్టి ఉన్నారు. జరిగినదంతా వాళ్ల ముందు దాచకుండా చెప్పాడు.

"మరి దేంతోని తగ్గుతది సారూ?" అని ఒకామె అడిగింది.

"నాకు తెల్వదమ్మా. కడుపునిండ తినుండ్రి. డాక్టరు ఇచ్చిన గోలీలు వేసుకోండ్రి."

"ఏం తెల్వనోనివి ఎందుకు మాట్లాడినవయ్యా?" వెనక నుంచి ఎవరో ముసలామె గట్టిగానే అంది. ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు ముఖాలు తిప్పుకుని వరసలో ముందుకు జరిగారు.

ఇంకో కార్ఖానా ఎక్కడుందని ఆత్మారాం అడిగాడు. రబియా దారి చూపిస్తూ ముందు నడిచింది.