నోటుపుస్తకంలో లేని పేరు

"ఆ వైర్ల కరెంటు నీ వేలికి కొడితే ఎట్ల బిడ్డా?"

"బ్యాటరీనే అమ్మా. టార్చిలైట్ల ఏసేదే. టార్చిలైటు నిన్నెప్పుడన్న కొట్టిందా?" అంది కమల.

మా కమలది ఇంజనీరింగులో ఆఖరి సంవత్సరం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టే మిషను చేస్తోంది. వేలికి ఒక పక్క చిన్న బల్బు, రెండో పక్క వెలుతురును పట్టే బిళ్ల. నెత్తురు పారినప్పుడల్లా ఎర్ర లైటు మిణుకుమంటుంది. దసరా సెలవులయ్యాక సార్లకు చూపించాలి. వాళ్ల నాన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో కిరాణం దుకాణం చూసుకుంటూ ఆదివారాలే హన్మకొండ వస్తాడు. మిగతా రోజులు నాకు మాటకు కమల ఒక్కతే.

పండుగనాడు కత్తిపీటకు, కుట్టుమిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టాను. కమల స్నానానికి పోయింది. దాని మిషనును మాత్రం ఎలా వదిలేది? బిడ్డకు ఏ కీడూ జరగొద్దనే కదా నా భయమంతా. డబ్బా మూత తీసి, లోపల వైర్లు అతికిన అట్టకు కూడా తడి పసుపు దండిగా రాశాను.

కమల వచ్చి స్విచ్చి వేస్తే చిటపటమని కమురు వాసన వచ్చింది. ఎర్ర లైటు వెలగలేదు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి మాట లేదు. పళ్ల బ్రష్షుతో పసుపంతా గీకింది. రైలెక్కి హైదరాబాదు పోయి సామాను తెచ్చుకుంది. ఆ రోజంతా రైలు పట్టాలు తప్పిందనే అనుకుంటూ గడపలో కూర్చున్నాను. వచ్చాక "తిన్నవా?" అంటే తల ఊపి గదిలోకి పోయింది. వంటింట్లో ఒక్కదాన్నే తింటుంటే నేను నమిలే చప్పుడు నాకే వినబడేది.

పదోరోజు పక్కింటి అనసూయ గోడ మీది నుంచి పలకరించింది. "కమల మిషను మంచిగైంది గదక్కా. నా గుండె డెబ్బై ఎనిమిదట. మా మామది గూడ చూసింది. నీదెంత?"

"మంచిగనే ఉన్నదట" అని అబద్ధమాడాను.

లోపల బల్ల మీద కమల నోటుపుస్తకం తెరిచి ఉంది. నేను చదివింది ఏడో తరగతే అయినా, పేర్లూ వయసులూ చదవగలను. అనసూయ, వాళ్ల మామ మొగిలయ్య, ఆఖరికి పాలు పోసే పూలమ్మ. పద్నాలుగు పేర్లు. నాది లేదు. నాకేదో గుండెజబ్బు ఉందని దాస్తోందా అని ఒక క్షణం అనుకున్నాను. కాదు, దానికి నేనే అక్కర్లేదు.

అంతలో కమల వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రేపేనా సార్లకు చూపిచ్చేది?"

తల ఊపింది. నేను చెయ్యి మిషను పక్కన పెట్టాను.

"నా వేలు పనికిరాదా బిడ్డా?"

కమల పెన్ను మూత తీసింది, పెట్టింది. వీధిలో రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. చెయ్యి వెనక్కి తీసుకుందామనుకున్నాను. తీసుకోలేదు.

"పనికొస్తది" అంది చివరికి. "గని భయపడకుంట రెండు నిమిషాలు కూసుంటవా?"