బాటసారి బాబాయి

ముక్కూమొహం తెలియనివాళ్ళ మాటల్లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో ఆశ్రితకి బాగా తెలుసని ఆమె స్నేహితులందరూ ఒప్పుకుంటారు. చీరాల దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ప్రాణమంతా సైకిలు మీదే. కిర్గిజ్‌స్తాన్ కొండల్లో సైకిలు తొక్కుతూ, పొద్దు వాలినచోట టెంటు వేసుకుంటూ ఒక నెల తిరిగి రావాలని ఆమె కోరిక. అందుకోసం రెండేళ్ళుగా ఇంటర్నెట్లో దేశదేశాల సైకిలు మనుషులని ప్రశ్నలతో పీక్కుతింటోంది.

"అంతా అద్భుతం" అన్నవాణ్ణి నమ్మేది కాదు. "అయ్యో, అక్కడికా!" అన్నవాణ్ణీ నమ్మేది కాదు. ఏ నెలలో వెళ్ళావు, ఎక్కడ పడుకున్నావు, ఏం చెడింది అని అడిగేది. విసుక్కున్నాడంటే వాడు వెళ్ళలేదన్నమాటే. ఒక జర్మనీ ముసలాయన "నేను వెళ్ళినప్పుడు ఆ వంతెన కూలిపోయి ఉంది, ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు" అని రాస్తే, ఆ "తెలియదు" అన్న మాటకి మురిసిపోయింది. తెలియదని ఒప్పుకునే మనిషి కల్పించి చెప్పడని ఆమె సిద్ధాంతం. మంచి సిద్ధాంతమే. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని తీసుకెళ్ళి అటక మీద పడేసింది.

సైకిలు యాత్రల గ్రూపులో ఆ మనిషి పెట్టుకున్న పేరు బాటసారి. తనదీ చీరాల ప్రాంతమేననీ, కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో మన మెడిసిన్ పిల్లలకి మెస్ నడుపుతున్నాననీ, ఆ కొండలన్నీ సైకిలు మీద తిరిగినవాణ్ణేననీ రాశాడు. "మిరప కల్లంలో పట్టా కప్పుకుని కాపలా పడుకున్నవాళ్ళం, మనకి టెంటు ఒక లెక్కా తల్లీ" అన్నాడు. అంతే, ఆశ్రిత కరిగిపోయింది. జర్మనీ ముసలాయన్ని సవాలక్ష ప్రశ్నలడిగిన పిల్ల ఈయన్ని మాత్రం "చీరాల దగ్గర ఏ ఊరండీ?" అని కూడా అడగలేదు. మన వైపు మనుషులకి ఇదో జబ్బు, ఎంత చదివినా పోదు. కల్లంలో పడుకున్నవాడని తెలిస్తే చాలు, అబద్ధమాడడని మనమే పూచీ పడిపోతాం. వారం తిరక్కుండా ఆయన బాబాయి అయ్యాడు.

బాబాయి వెళ్ళొద్దని ఎన్నడూ అనలేదు. "తప్పకుండా రా తల్లీ, మా మెస్‌లో గోంగూర తిందువుగాని. కాకపోతే ఈ ఏడు మంచు విపరీతంగా ఉంది, వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. ఇంకోసారి గొర్రెల కాపరుల కుక్కల గురించి చెప్పేవాడు. మరోసారి, ఒంటరి ఆడవాళ్ళని ఆపేసి కూర్చోబెట్టే పోలీసుల గురించి. అంతా ప్రేమగానే. ప్రతి ముద్దలోనూ ఒక రాయి ఉండేది, పైన బోలెడంత నెయ్యి ఉండేది. ఆశ్రితకి నెయ్యే కనబడింది. నిరుటి వేసవి అలాగే పోయింది.

ఇంట్లో అడ్డు చెప్పేది అమ్మ ఒక్కతే. "ఆ కొండల్లో నీకేమన్నా అయితే నాకెవరు చెబుతారే!" అని సుబ్బలక్ష్మి పొద్దస్తమానం రుసరుసలాడేది. తండ్రి గురునాథం మాస్టారు అలా కాదు. హెడ్మాస్టరుగా రిటైరై, మార్టూరు పక్కన మూడెకరాల్లో మిరప వేయిస్తున్నాడు. "మా అమ్మాయి సైకిలు మీద దేశాలు తిరిగొస్తుందండీ, నేనెందుకు ఆపాలి?" అని టీకొట్టు దగ్గరా పెళ్ళిళ్ళలోనూ అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. "తండ్రంటే మీరండీ మాస్టారూ" అని ఎవరైనా అంటే కండువా సర్దుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఆశ్రిత పొంగిపోయేది. నాన్న తన పక్కన ఉన్నాడన్న ధైర్యంతోనే అమ్మతో రోజూ పోట్లాడేది.

ఈ ఏడు ఎలాగైనా వెళ్ళి తీరాలనుకుంది, ఎందుకంటే తోడు దొరికింది. అఫ్రోజ్‌ది నరసరావుపేట, గుంటూరులో ఫిజియోథెరపిస్టు. గ్రూపులోనే పరిచయం. శ్రీలంకా, వియత్నాం సైకిలు మీద తిరిగొచ్చింది. కుక్కల సంగతి అడిగితే, "మీదకొస్తే సైకిలు దిగి, దాన్నే అడ్డం పెట్టుకుని గట్టిగా అరువు. పారిపోయావా, చచ్చావే! వియత్నాంలో నేనదే చేశా. కిర్గిజ్ కుక్కల సంగతి నాకూ తెలియదు, ఇద్దరం కలిసి చూద్దాం" అంది. జూన్ ఆఖరుకి బయల్దేరాలనీ, బరువు తగ్గుతుంది కాబట్టి ఒకే టెంటు కొనుక్కోవాలనీ అనుకున్నారు.

ఆ కబురు చెప్పాక బాబాయి కొన్నాళ్ళు పలకలేదు. తర్వాత రాశాడు: "చెప్పకూడదనే అనుకున్నా తల్లీ. మనసాగలేదు. ఆ అమ్మాయి పెట్టిన శ్రీలంక ఫోటోలు నేను వేరే ఎవరి పేజీలోనో చూశాను. దేశం కాని దేశంలో నిన్ను నడిరోడ్డున వదిలేస్తే ఏం చేస్తావు?"

ఆశ్రిత పప్పులో కాలేసింది. అఫ్రోజ్‌కి ఫోన్ చేసి, పాస్‌పోర్టు మీద శ్రీలంక స్టాంపు చూపించమంది. "ఇన్నాళ్ళు మాట్లాడుకుని, ఇదా నువ్వడిగేది? చూపించను" అని అఫ్రోజ్ ఫోన్ పెట్టేసింది. "తప్పు లేకపోతే చూపించడానికేం?" అని బాబాయి రాశాడు. నిజమే కదా అనుకుంది ఆశ్రిత. పెద్ద గండం నుంచి గట్టెక్కించావని బాబాయికి దండాలు కూడా పెట్టింది. ప్రయాణం మళ్ళీ వచ్చే ఏడుకి పోయింది.

ప్రయాణం పోయినా సైకిలు ఊరుకోనివ్వదు కదా. ఫిబ్రవరిలో ఒక ఆదివారం సైకిలుకి సామానంతా కట్టుకుని వాడరేవు దాకా వెళ్ళొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కుడి మోకాలి చిప్ప కింద కలుక్కుమంది. ఇంట్లో నోరెత్తలేదు. అమ్మకి తెలిస్తే సైకిల్ని పాతసామాన్లవాడికి వేసేస్తుంది. పళ్ళ బిగువున మామూలుగానే నడిచింది. ఒక్క బాబాయికి మాత్రం రాసింది.

మర్నాడు సాయంత్రం నాన్న ఒక గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. నువ్వులనూనెలో కర్పూరం వేసి తనే కాచాడట. "కుడి మోకాలికి రాసుకోమ్మా, పొద్దుటికి తేలిగ్గా ఉంటుంది" అని తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆశ్రితకి కళ్ళు చెమర్చాయి. వేళ్ళతో నూనె తీసి మోకాలికి రాసుకుంటోంది. సగంలో చెయ్యి ఆగిపోయింది.

మోకాలు నొప్పని నాన్నకెవరు చెప్పారు? అందులోనూ కుడి మోకాలని?

ఛీ ఛీ, నాన్నేమిటి, అని తనని తానే తిట్టుకుంది. నడకలో తేడా కనిపెట్టి ఉంటాడని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్నకొద్దీ అనుమానం ఎక్కువైంది. మర్నాడు కాలేజీ నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా కల్లానికి వెళ్ళింది.

కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. గురునాథం మాస్టారు అవతలి గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆశ్రిత కాయలు తొక్కి కుట్టిన బస్తాల చాటున నిలబడి ఫోన్ తీసింది. "బాబాయ్, చీరాల దగ్గర మీదే ఊరు?" అని పంపింది.

నాన్న జేబులో చెయ్యి పెట్టాడు. ఫోన్ తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ఫోన్ దూరంగా పట్టుకుని చదివాడు. చదివి తనలో తను నవ్వుకున్నాడు. చూపుడువేలుతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఆశ్రిత చేతిలో ఫోన్ వణికింది. "పేరాల తల్లీ. మోకాలెలా ఉంది?"

ఆ నవ్వుకే ఆమె తట్టుకోలేకపోయింది. పెళ్ళిళ్ళలో చూసి తను పొంగిపోయిన నవ్వే అది. కాయలు తొక్కుకుంటూ కల్లం మధ్యలోంచి నడిచివెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మోకాలు బాగానే ఉంది బాబాయ్" అంది.

గురునాథం లేచి నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు, జేబు దొరకలేదు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం తల్లీ. నలుగురూ ఉన్నారు" అన్నాడు.

"నలుగురిలోనేగా నన్ను వెళ్ళమన్నది? ఇదీ నలుగురిలోనే చెప్పు!"

తాలు ఏరే చేతులు ఆగిపోయాయి. ఆయన గొంతు బాగా తగ్గించాడు. "నాకు భయమమ్మా. నువ్వు ఆ కొండల్లో... నిద్రపట్టదు నాకు. వద్దంటే మీ అమ్మని చూసినట్టు నన్నూ శత్రువులా చూస్తావని..."

"అమ్మ శత్రువని ఎవరన్నారు? అమ్మతో రోజూ పోట్లాడుతున్నా, ఆవిడ మనసులో ఏముందో నాకు తెలుసు. నువ్వు కూడా వద్దని మొహం మీదే చెప్పుంటే నీతోనూ పోట్లాడేదాన్ని. గెలిచేదాన్నో, ఓడిపోయేదాన్నో! ఎవరితో పోట్లాడాలో కూడా తెలియకుండా చేశావు కదా నాన్నా!"

"నీ మంచికే..."

"అఫ్రోజ్ ఫోటోలు ఎవరి పేజీలో చూశావు?"

గురునాథం తల దించుకున్నాడు.

"చూశావా, లేదా?"

"లేదు" అన్నాడాయన.

అప్పటిదాకా కోపం ఆమెని నిలబెట్టింది. ఆ ఒక్క మాటతో ఆ కోపమూ పోయింది. తండ్రి భయపడ్డాడంటే అర్థం చేసుకోగలదు. అర్థం చేసుకుని ఏడవగలదు కూడా. ఏ పాపం తెలియని ఒక ఆడపిల్లని దొంగని చేశాడు, ఆ నింద కూతురి నోటితోనే వేయించాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి నిజం చెప్పమని బోధించిన మనిషి! ఆశ్రితకి నాన్న మీద ఎంత అసహ్యం వేసిందో, ఆయన్ని నమ్మిన తన మీద అంతకు రెట్టింపు వేసింది.

అక్కడే గట్టు మీద కూలబడి అఫ్రోజ్‌కి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. తండ్రి పేరు దాచలేదు, ఆయన వింటూనే ఉన్నాడు. అఫ్రోజ్ చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"సర్లెండి. నిజం చెప్పారు, అంతే చాలు" అంది. నువ్వు అనే పిల్ల మీరు అంటోంది. "కానీ నేను ఒంటరిగానే వెళ్ళిపోతున్నానండీ. టికెట్ తీసేసుకున్నా. టెంటు కూడా ఒక్క మనిషికి సరిపోయేదే కొన్నా."



ఆ తర్వాత ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు అన్నం, మంచినీళ్ళ దాకానే. బాటసారి మళ్ళీ గ్రూపులో కనబడలేదు. ఆశ్రిత జర్మనీ ముసలాయనకి రాసింది. నిరుడు ఆ దారిన వెళ్ళొచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని వెతికి పట్టుకుని అడిగింది. పోలీసులు ఒంటరి ఆడవాళ్ళని ఆపుతారా అని అడిగితే, తమని ఎవరూ ఆపలేదని చెప్పారు. మోకాలు నెమ్మదించాక తనూ ఒక్క మనిషి టెంటే కొనుక్కుంది. కొన్ననాడు తలుపేసుకుని ఏడ్చింది.

జులై మొదట్లో సైకిల్ని విప్పి అట్టపెట్టెలో కట్టి ఆటోలోకి ఎక్కించింది. ఏ రోజు వెళ్తుందో తండ్రికి ముందుగా చెప్పలేదు. ఆయన ఆటో చప్పుడు విని బయటికొచ్చాడు. సుబ్బలక్ష్మి ఆ క్షణం దాకా వద్దే వద్దని తిడుతూనే, కందిపొడి డబ్బా కూతురి సంచిలోకి కుక్కుతోంది.

గురునాథం ఆటో దగ్గరికి వచ్చి కడ్డీ పట్టుకున్నాడు. చిక్కిపోయాడు. "వెళ్ళగానే ఒక్క మెసేజ్ పెట్టమ్మా. చేరానని, అంతే" అన్నాడు.

"ఏ పేరుకి పెట్టమంటావు నాన్నా?" అంది ఆశ్రిత.

ఆయన చెయ్యి కడ్డీ మీంచి జారిపోయింది. అవతలి వైపు నుంచి సుబ్బలక్ష్మి కళ్ళొత్తుకుంటూ, "నాకు పెట్టవే, నా నంబరుకి పెట్టు" అంది. సరేనమ్మా అని ఆశ్రిత ఆటోవాణ్ణి పోనివ్వమంది.