వెచ్చని బంతి

ఆ బుధవారం నేల గడ్డకట్టి ఉంది. గోల్ఫ్ మైదానం చూసుకునే గిల్లీస్ క్లబ్బు తలుపుకు ఎర్ర అట్ట తగిలించాడు. గ్రీన్లు, అంటే గుంటల చుట్టూ ఉండే నున్నటి గడ్డి, మూసేశాం, తాత్కాలిక గుంటల్లో ఆడుకోండి, చాపలు మరవకండి అని దాని మీద రాసి ఉంది. చలికాలంలో గడ్డి పాడవకుండా బంతిని చిన్న చాప ముక్క మీద పెట్టి కొట్టడం మా దగ్గర అందరికీ అలవాటే. మా ఇద్దరికీ కలిపి ఒక్కటే చాప. దాన్ని నేనే మోస్తాను.

ఇద్దరమంటే నెట్టా అనే నేనూ, మా వదిన ఇష్బెల్. ఆవిడ నా భర్త ఆర్చీకి అక్క. ఆర్చీ చనిపోయిన ఏడాది నుంచి ప్రతి బుధవారం పదింటికి కలిసి తొమ్మిది గుంటలు ఆడుతున్నాం. వానైనా, సముద్రపు గాలైనా మానలేదు. రెండేళ్ళుగా వదినకు చూపు మధ్యలో మసక కమ్మింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఆవిడ కొడుతుంది, ఎక్కడ పడిందో నేను చెబుతాను.

"పెద్దమ్మలూ, ఇవాళ నేల రాయిలా ఉంది. బంతి కంటే మీరే ఎక్కువ దూరం జారతారు" అన్నాడు గిల్లీస్.

"నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఇక్కడే జారుతున్నాన్రా. సూప్ ఏమిటో చెప్పు" అంది వదిన.

"బార్లీ."

"రెండు గిన్నెలు తీసి ఉంచమను."

అయిదో గుంట దూరం తక్కువ. వాగు దాటించి కొట్టాలి. వదిన చేత్తో తడిమి బంతిని నిలబెట్టుకుని కొట్టింది. నారింజ రంగు బంతి వాగు దాటి, గట్టి నేల మీద రెండు గెంతులు వేసి, మంచు పొడిలో పచ్చటి గీత గీసుకుంటూ వెళ్ళి జెండా మొదట్లో మాయమైంది.

"ఎక్కడ?" అంది వదిన.

బంతి నేరుగా గుంటలోకే పోయింది. ఒక్క దెబ్బకు బంతి గుంటలో పడిన రోజున కర్రలు అటకెక్కించేస్తానని ఆవిడ ఎప్పుడో నలుగురిలో అంది. తాత్కాలిక గుంటలో పడితే క్లబ్బు వాళ్ళు గోడ మీది పేర్ల పలకకు పేరెక్కించరు. కానీ వదిన ఆ మాట పలక కోసం అనలేదు. ఆవిడ ఏదైనా అంటే చేసి తీరుతుంది. ఆవిడ మానేస్తే నాకిక బుధవారాలు లేవు.

"దగ్గర్లోనే ఉంది" అన్నాను.

వంతెన మీద ఆవిడ నెమ్మదిగా నడుస్తుంది. నేను ముందు వెళ్ళి, చేతి తొడుగు తీసేసి, గుంటలోంచి బంతిని తీశాను. కాసేపు అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ బూట్ల చప్పుడు వినబడగానే గుంటకు అడుగు దూరంలో పెట్టేశాను.

వదిన వచ్చి, తుడవడానికి బంతిని చేతిలోకి తీసుకుంది. కాస్త ఆగింది. తుడిచి అక్కడే పెట్టి గుంటలోకి నెట్టింది.

"రెండు" అన్నాను.

 మిగతా నాలుగు గుంటల్లోనూ "ఎక్కడ" అన్న ఒక్క మాట తప్ప ఆవిడ నోట మరో మాట లేదు.

సూప్ వచ్చింది. ఆవిడ స్కోరు కార్డు మీద నేను సంతకం చేయాలి. కలం తీశాను.

"ఆ రెండు కొట్టేసి ఒకటి రాయి" అంది వదిన.

కలం ఆ అంకె మీద ఆనించాను.

"మంచులో పడున్న బంతి చల్లగా ఉండాలి, నెట్టా. అది ఇప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులా ఉంది."

"నువ్వు మానేస్తావని భయమేసింది వదినా."

"ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు బడాయికి అన్న మాట అది. నేనెప్పుడో వదిలేశాను, నువ్వే పట్టుకున్నావు." ఆవిడ చెంచా పక్కన పెట్టింది. "నేను చూసేదంతా నువ్వు చెప్పేదే. పొద అంటే పొద, ఇసుక అంటే ఇసుక. ఇకనుంచి నీ మాట కూడా తడిమి చూసుకోవాలా? అంత ఓపిక నాకు లేదు. మానేస్తే దానికి మానేస్తాను."

కొట్టేసి ఒకటి రాశాను. ఇద్దరం సంతకాలు చేశాం. సూప్ చల్లారిపోయింది. లేచేటప్పుడు వదిన ప్రతిసారీ "వచ్చే బుధవారం పదింటికి" అంటుంది. ఆ రోజు అనలేదు. నేనూ అడగకుండా చాప చుట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ వారం సరిగ్గా నిద్రపట్టలేదు. రెండుసార్లు ఫోను దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. బుధవారం తొమ్మిదిన్నరకే క్లబ్బు తలుపు దగ్గర నిలబడ్డాను. ఎర్ర అట్ట లేదు, గాలి మాత్రం విపరీతంగా ఉంది. పది దాటింది. వదిన రాలేదు. పదీ పదికి, కర్రల బండి లాక్కుంటూ మూల తిరిగింది.

"బస్సు ఆలస్యం. చాప తెచ్చావా?" అంది.

"తెచ్చాను."

నాలుగు గుంటలు ఆడాం. అయిదో దగ్గర ఆవిడ గట్టిగానే కొట్టింది. గాలి బంతిని పక్కకు నెట్టేసింది.

"ఎక్కడ?"

దగ్గర్లోనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వాగులో పడింది వదినా. నట్టనడుమ. ఇక దొరకదు."

వదిన ఒక క్షణం అటే చూసింది.

"సరే. ఇంకోటి ఇవ్వు" అని చెయ్యి చాచింది.